గీత దాటిన హారతి

లైటర్‌లో పెట్రోలు పోయడం నాకు నేర్పిన మనిషి జీవితంలో ఒక్క సిగరెట్ కూడా కాల్చలేదు. ముత్తుకూరు అవతల రేవులో, ఓడల నుంచి దిగిన పెట్రోలు, డీజిల్ నిల్వచేసే ట్యాంకుల యార్డు ఒకటి ఉంది. అక్కడ అగ్నిమాపక విభాగానికి ఆయన ఆఫీసర్. నేను ఆయన కింద ఫైర్‌మన్‌గా చేరాను. ఆయన రిటైరైన కొన్నేళ్లకు నేనూ అక్కడే రిటైరయ్యాను. ఈ ఏడు ఎండాకాలం చివర ఆయన పోయారు.

సంతాప సభలో నన్ను మాట్లాడమన్నారు. లేచి నిలబడ్డాను గానీ ఏమీ చెప్పలేక కూర్చున్నాను. మాట్లాడినవాళ్లందరూ ఆయన మంచివాడన్నారు, గొప్పవాడన్నారు. అబద్ధం కాదు. కానీ ఆ మాటలు ఏ ఫోటో కింద రాసినా సరిపోతాయి. ఇప్పుడు ఆ విభాగంలో పనిచేస్తున్న పిల్లలు, ఆయనను చూడనివాళ్లు, ఏదైనా రాసివ్వమని అడిగారు. ఆయన గురించి నాకు నమ్మకంగా తెలిసినవి ఒక లైటర్, ఒక సాయంత్రం. వాటి గురించే రాస్తాను.

సిగరెట్ తాగని మనిషికి లైటర్ ఎందుకని మీరు అడగవచ్చు. మంటలార్పడం నేర్పాలంటే ముందు మంట కావాలి. యార్డు బయట ఖాళీ స్థలంలో, ఇనుప తొట్టిలో నీళ్లు పోసి, పైన కాస్త డీజిల్ పోసి, పొడవాటి ఊచ కొనకు గుడ్డ చుట్టి, దాన్ని ముట్టించి దూరం నుంచి అంటించేవాళ్లం. నా మొదటి డ్రిల్లులో ఆ గుడ్డ ముట్టించే పని నాకిచ్చారు. సముద్రపు గాలిలో అగ్గిపుల్ల గీయడం, అది ఆరిపోవడం, మళ్లీ గీయడం. అందరూ మంటలార్పే సిలిండర్లు పట్టుకుని నిలబడి ఉన్నారు, ఆర్పడానికి మంటే లేదు. ఆయన పక్కకు వచ్చారు.

"అబ్బయా, ఆ అగ్గిపెట్టేం తప్పు జేసిందని దాన్నట్టా కొడతా ఉండావు?" అన్నారు. జేబులోంచి స్టీలు లైటర్ తీసి మూత తెరిచారు. టక్‌మంది. బొటనవేలితో చక్రం ఒక్కసారి తిప్పారు. వత్తి చుట్టూ చిల్లుల రేకు ఉండడం వల్ల గాలికి మంట వంగిందే గానీ ఆరలేదు.

ఆ మధ్యాహ్నమే నన్ను కూర్చోబెట్టి దాన్ని విప్పి చూపించారు. లోపలి భాగాన్ని పైకి లాగితే పైడొల్ల విడిగా వస్తుంది. అడుగున మందంగా ఒక గుడ్డ మెత్త, దాన్ని ఎత్తితే కింద దూది. ఆ దూదిలో లైటర్ల కోసం చిన్న డబ్బాల్లో అమ్మే పెట్రోలును చుక్కచుక్కగా పోయాలి. బండ్లలో పోసే పెట్రోలు పనికిరాదు. నేను పోస్తూనే ఉన్నాను.

"నిండిందా?"

"ఇంకా పడతాది సార్."

"పడతాదని పోస్తే అది లైటర్ గాదు, దీపంబుడ్డి. దూది తడిస్తే చాలు. తేలకూడదు."

తర్వాత పైన గుడ్డతో తుడిపించారు. చేతులు కడిగించారు. వెంటనే వెలిగించబోతే మణికట్టు పట్టుకుని ఆపారు. బయట అంటిన తడి ఆరాలి, వేళ్లకంటింది పోవాలి, అప్పుడే చక్రం తిప్పాలి, అదీ ముఖానికి దూరంగా పట్టుకుని. కొత్తగా పోసినదాన్ని ప్యాంటు జేబులో వేసుకుంటే తొడ మీద బొబ్బలెక్కుతాయని, పూర్వం తనకు ఎక్కాయని చెప్పారు. చక్రం కింద ఉండే రాయి అరిగితే అడుగున మర విప్పి కొత్త రాయి వేయడం, వత్తి మాడితే కాస్త పైకి లాగి నల్లబడ్డ కొన కత్తిరించడం అప్పుడే చూపించారు.

చివరకు మూత వేశాక నేను దాన్ని జేబులో వేసుకోబోయాను.

"అప్పుడే జేబులో ఏసుకోబాక. మంట పోయింది గానీ వేడి పోలా. చల్లారేదాకా చేతిలో పట్టుకో."

ఆయన ఏది నేర్పినా అంతే. ఉపన్యాసం ఉండదు. చేయి పట్టుకుని ఆపుతారు, ఎందుకు ఆపారో ఒక్క మాటలో చెబుతారు.

ఇక ఆ సాయంత్రం సంగతి.

యార్డు గేటు దగ్గర నేల మీద పసుపు రంగు గీత ఉండేది. దాన్ని దాటి నిప్పు లోపలికి రాకూడదు. అగ్గిపెట్టెలు, లైటర్లు గేటు దగ్గర ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. గేటు కాపలా హవల్దారుది. సైన్యంలో చేసి వచ్చిన మనిషి, సూళ్లూరుపేట వైపువాడు, మా ఇద్దరికంటే పెద్దవాడు. ఫిరంగుల దగ్గర పనిచేసి ఒక చెవి పోగొట్టుకున్నాడు. నశ్యం పీల్చి పీల్చి వాసన కూడా పోగొట్టుకున్నాడని మేము ఎగతాళి చేసేవాళ్లం. ఆఫీసర్ కనిపిస్తే చాలు, చేతిలో టీ గ్లాసు ఉన్నా, సద్ది క్యారియర్ ఉన్నా పక్కన పెట్టేసి, మడమలు చేర్చి సెల్యూట్ చేసేవాడు. "ఒద్దన్నా, తాగన్నా టీ" అని ఆఫీసర్ ఎన్నిసార్లు చెప్పినా ఆ అలవాటు పోలేదు.

మొదట్లో లైటర్లు గేటు గదిలో ఒక అట్టపెట్టెలో పడేసేవాళ్లు. ఒకసారి తనిఖీకి వచ్చినవాళ్లు ఇదేం పద్ధతని కోప్పడ్డారు. అప్పుడు మా ఆఫీసర్ గారే బొమ్మ గీసి ఒక ఇనుప పెట్టె చేయించారు. గట్టి మూత, తాళం, ఎర్ర రంగు. లైటర్ వేయడానికి ముందువైపు సన్నటి సందు. గేటు గది బయటి గోడకు ఆనించి, అందరికీ కనబడేట్టు పెట్టించారు. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. లైటర్లు పోకుండా చూశాం, ఎవరిది ఎవరూ తీసుకోకుండా చూశాం. ఆ గోడ పడమటి గోడ అని, మధ్యాహ్నం నుంచి పొద్దు గుంకేదాకా ఎండ నేరుగా ఆ పెట్టె మీదే పడుతుందని ఎవరికీ తట్టలేదు. నిప్పుకు భయపడే మనుషులం అందరం కలిసి, యార్డులో ఉన్న నిప్పు సరంజామా అంతా ఒకచోట చేర్చి, మూత వేసి, ఎండలో పెట్టాం.

అదే గోడ మీద హవల్దారు అమ్మవారి పటం తగిలించుకున్నాడు. శుక్రవారం సాయంత్రం పటానికి పూలు వేసి, నీళ్ల చెంబు పెట్టి, అగరబత్తులు వెలిగించి, కర్పూర హారతి ఇచ్చేవాడు. గీతకు ఇవతల కాబట్టి అభ్యంతరం లేదు. కొత్త పెట్టె వచ్చాక దాని పైభాగం ఆయనకు పూజపీటలా పనికొచ్చింది. చదునుగా ఉంది, పైగా ఎర్రగా ఉంది.

"నిప్పులన్నీ తెచ్చి అమ్మోరి కాళ్లకింద బెట్టినా సార్. ఇంక మనకేం భయం?" అన్నాడు మా ఆఫీసర్‌తో.

ఆఫీసర్ నవ్వారు. ఆయన క్రైస్తవుడు. ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునే మనిషి. హారతి తీసుకునేవారు కాదు, ఇతరులు తీసుకుంటుంటే పక్కన గౌరవంగా నిలబడేవారు. హవల్దారు కూడా ఎప్పుడూ పళ్లెం ఆయన వైపు చాపలేదు. ఇద్దరికీ అది తెలిసిన విషయం, దాని గురించి మాట్లాడుకున్నది లేదు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక శుక్రవారం, రోడ్డు మీది అంగట్లో టీ తాగి మేమిద్దరం గేటువైపు నడుస్తున్నాం. సముద్రపు గాలి ఎదురుగా వస్తోంది. ఆయన నడక తగ్గించి గాలి పీల్చారు. నాకూ తెలిసింది, పెట్రోలు వాసన. ఏదైనా లారీదేమో అనుకున్నాను. చూస్తే గేటు ముందు లారీ లేదు. పెట్టె ఉంది. దాని అడుగు అంచు నుంచి గోడ మీదుగా ఒక తడి చార కిందికి దిగి ఉంది. పెట్టె ముందు హవల్దారు, మాకు వీపు పెట్టి, వెలుగుతున్న కర్పూరం పళ్లెం పటం ముందు తిప్పుతున్నాడు.

హారతి అయిపోతే ఆ పళ్లెం పెట్టె మీద పెడతాడు. ప్రతి శుక్రవారం అక్కడే పెడతాడు.

నేను అరవబోయాను. ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు.

"పిలవబాక," అన్నారు, పెదవులు కదిలీ కదలకుండా. "ఈడే ఆగు. ఆయన కదిలి పోయినాక అగరబత్తులు నీళ్ల చెంబులో ముంచు. పెట్టె ముట్టుకోబాక."

ఆయన పరుగెత్తలేదు. రోజూ నడిచినట్టే నడిచి, హవల్దారుకు దూరంగా చుట్టూ తిరిగి, గేటు దాటి, పసుపు గీత లోపల గాలి వచ్చే వైపు నిలబడ్డారు. హవల్దారు తలెత్తితే కనబడేచోట. అప్పటికే రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నారు, హారతికి చాచినట్టు.

"అన్నా, ఈ పొద్దు నాగ్గూడా రోంత హారతి ఇయ్యవా?"

హవల్దారు తలెత్తాడు. చెవి సరిగా పనిచేయలేదేమో అనుకున్నట్టు చూశాడు. పళ్లెం గాలిలోనే ఆగింది. కుడిచెయ్యి కాస్త కదిలింది. సెల్యూట్ అలవాటు ఆ చేతిని లాగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. పళ్లెం కొద్దిగా కిందికి దిగింది.

"హారతి అన్నా," అన్నారు ఆఫీసర్ మళ్లీ, చేతులు ఇంకాస్త చాచి. "కొండెక్కిపోతాది, తొందరగా తే."

ఈసారి హవల్దారు ముఖం విప్పారింది. పళ్లెం రెండు చేతులా పట్టుకుని, మంట ఆరకుండా వంగి, గేటువైపు నడిచాడు. గీత దగ్గరకొచ్చి ఠక్కున ఆగిపోయాడు.

"నిప్పు గీత దాటగూడదు గదా సార్! మీరే జెప్పినారు!"

"నేనే జెప్తా ఉండా. దాటు."

"తనిఖీవోళ్లు జూస్తే?"

"నా ఉద్యోగం పోతాది, నీది గాదు. రా అన్నా."

హవల్దారు ఒకసారి నేల వైపు చూసి, కాలు ఎత్తి గీత దాటాడు. ఆయన వెనక నేను అగరబత్తులను చెంబులో ముంచాను. నీళ్లలో అవి చేసిన చిన్న చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. తల తిప్పి చూస్తే మా ఆఫీసర్ గారు మంట మీద అరచేతులు పెట్టి, కళ్లకద్దుకుంటున్నారు. ఆ తర్వాత పళ్లెం తన చేతిలోకి తీసుకుని, కర్పూరం పూర్తిగా ఆరేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డారు. హారతిని ఊది ఆర్పలేదు. మీద ఇసుక వేయలేదు. నిలబడ్డారు.

కర్పూరం ఆరాక పళ్లెం హవల్దారుకిచ్చి, అప్పుడు చెప్పారు. హవల్దారు వెనక్కి తిరిగి పెట్టెను, గోడ మీద తడిని చూశాడు. పళ్లెంతో సహా గీత మీదనే కూర్చున్నాడు.

గాలి ఆ వాసనను చెదరగొట్టేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. తర్వాత పెట్టెను ఖాళీ స్థలంలోకి మోసుకుపోయి, గాలికి వీపు పెట్టి నిలబడి మూత తెరిచాం. ఒక లారీ డ్రైవర్ పెట్రోలు లైటర్ పక్కకు పడి, లోపలి భాగం డొల్లలోంచి బయటికి జారి ఉంది. దూది పిండితే కారేంత తడి. దాని చుట్టూ ప్లాస్టిక్ గ్యాస్ లైటర్లు, పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. ఒకదానికి అతుకు దగ్గర పగులు కూడా ఉంది. గ్యాసు ఎప్పుడో కారిపోయింది. ఆ పళ్లెం గనక మూత మీద పెట్టి ఉంటే, లోపలి ఆవిరి అంటుకుని మంట ముందు సందులోంచే తన్నేది. దానికి ఎదురుగా ఉన్నది హవల్దారు ముఖమే.

కాసేపటికి డ్రైవర్ టోకెన్ తెచ్చాడు. మనుబోలు దగ్గర బంకులో పోయించుకున్నాడట.

"నిండా పోసినా సార్. దూరం పోవాల గదా!"

"లారీకి బోస్తే దూరం పోతాది నాయనా. లైటర్ యాడికి పోతాది?" అన్నాడు హవల్దారు.

డ్రైవర్ బిక్కముఖం వేశాడు. "అయితే తప్పు నాదేనా సార్?"

"పెట్టె బొమ్మ గీసింది నేను," అన్నారు ఆఫీసర్. "ఆ గోడకు పెట్టించిందీ నేనే. తప్పు ఆడ మొదలయింది. నువ్వు రోంత పెట్రోలు పోసినావు, అంతే." తర్వాత డ్రైవర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని నాకు చూపించినట్టే లైటర్ విప్పి చూపించారు. మరుసటి రోజు పై అధికారుల ముందు కూడా అదే మాట, అదే వరుసలో చెప్పారు. ఆయన మీద నాకున్న గౌరవానికి ఆ సాయంత్రపు తెలివి సగం కారణమైతే, ఆ మాట మిగతా సగం.

నాకు ఒక సందేహం ఉండిపోయింది. ఎందుకు పిలవవద్దన్నారని ఆ సాయంత్రమే, డ్రైవర్ వెళ్లిపోయాక అడిగాను.

"పిలిస్తే ఏం జేస్తాడు? చేతిలోది కింద బెట్టి సెల్యూట్ గొడతాడు. కిందంటే యాడ? పెట్టె మీదనే గదా. పళ్లెం వదలకుండా నడిపించాలంటే ఇంకేం అడగాల?"

హవల్దారు ఈ మాట విన్నాడు. అంతవరకు భయంతో ఉన్న మనిషి ముఖంలో ఇంకేదో కనబడింది. గేటు గది మెట్టు మీద కూర్చుని పళ్లెం తుడవసాగాడు.

"అంటే దొంగ హారతి దీసుకున్నారు మీరు," అన్నాడు చివరకు. నవ్వుతున్నట్టే అన్నాడు గానీ నవ్వు పూర్తిగా రాలేదు. "నేనింకా, ఇన్నేళ్లకు సారుకు అమ్మోరి మీద మనసయిందనుకున్నా."

ఆఫీసర్ గారు వచ్చి ఆయన పక్కన మెట్టు మీద కూర్చున్నారు.

"అడిగింది దొంగతనంగానే అడిగినా అన్నా. నీ పూజను అడ్డం బెట్టుకున్నా, అది తప్పే. కానీ కళ్లకద్దుకున్నది దొంగది గాదు. నువ్వు గీత దాటి వచ్చినావు, నీకేం గాలేదు. అప్పుడు దండం బెట్టుకున్నా. మీ దేవుడికా, మా దేవుడికా అని మాత్రం అడగబాక. నాకే తెలీదు."

హవల్దారు అడగలేదు. జేబులోంచి నశ్యం డబ్బీ తీసి, మూత తెరిచి, ఏమనుకున్నాడో మళ్లీ మూసేశాడు.

పెట్టె ఆ వారమే పోయింది. దాని బదులు ఉత్తరపు గోడకు, నీడలో, కూల్‌డ్రింకు సీసాలు మోసే తీగల క్రేటు ఒకటి బిగించారు. అరకు ఒక లైటర్, నిటారుగా, గాలి ఆడేట్టు. అమ్మవారి పటం గది అవతలి వైపుకు మారింది. శుక్రవారం డ్యూటీ దిగాక ఆఫీసర్ గారు టీ అంగడి దగ్గర కూర్చుని డ్రైవర్ల లైటర్లు బాగుచేసేవారు. గ్యాస్ లైటర్ నింపాలంటే దగ్గర్లో పొయ్యి గాని బీడీ గాని ఉండకూడదనేవారు. మంట పెంచే చక్రాన్ని పూర్తిగా తగ్గించి, అడుగు వాల్వు నొక్కి మిగిలింది వదిలేసి, లైటర్‌ను తలకిందులుగా పట్టుకుని, గ్యాసు డబ్బా మూతి దాని మీద నిలువుగా ఆనించి నొక్కాలి. నింపాక కాసేపు పక్కన పెట్టాలి. వాడి పారేసే రకానికి చిల్లు పెట్టి నింపి తెస్తే మాత్రం తిరిగి ఇచ్చేవారు కాదు. కొత్తది కొనుక్కోమని చెప్పేవారు.

హవల్దారు కూడా ఊరుకోలేదు. తన ముక్కును ఇక నమ్మనని, గ్లాసు నిండా నీళ్లు పెట్టుకుని, వచ్చిన ప్రతి గ్యాస్ లైటర్‌నూ ముంచి బుడగలు వస్తున్నాయేమో చూసేవాడు. డ్రైవర్లు విసుక్కునేవాళ్లు. "పసిబిడ్డకు నీళ్లు బోసినట్టు బోస్తా ఉండావే సామీ!" అనేవాళ్లు. "పసిబిడ్డయితే ఏడస్తాది, ఇది ఏడవదు. అందుకే" అనేవాడు.

సెల్యూట్ మాత్రం మానలేదు.

మొన్న నవంబరులో సమాధుల పండుగకు ముత్తుకూరు వెళ్లాను. ఆయన పోయాక వచ్చిన మొదటిది. ఆ స్టీలు లైటర్‌ను ఆయన కూతురు నాకిచ్చింది. పొద్దున్నే లోపలి భాగం లాగి, దూది తడిసేంత పెట్రోలు పోసి, తుడిచి, ఆరబెట్టి, చేతులు కడుక్కుని బయలుదేరాను. వాన తెరిపి ఇచ్చింది గానీ గాలి బలంగా ఉంది. సమాధుల మధ్య అందరూ అగ్గిపుల్లలు గీసి పారేస్తున్నారు. నేను చక్రం తిప్పి ఆయన తలవైపు కొవ్వొత్తి వెలిగించాను. పక్క సమాధులవాళ్లు అడిగితే వాళ్లకూ వెలిగించాను.

హవల్దారు కర్ర పట్టుకుని వచ్చాడు. ఇప్పుడు రెండో చెవి కూడా సరిగా వినబడదు. సూళ్లూరుపేట నుంచి ఒక్కడే వచ్చాడట. సమాధుల తోట గేటు దగ్గర చెప్పులు విడిచాడు. అక్కడ ఎవరూ విడవలేదు. ఒకరిద్దరు చూశారు. సమాధి ముందుకు వచ్చి, కర్ర నాకిచ్చి, మడమలు చేర్చి సెల్యూట్ చేశాడు. తర్వాత వంగి, కొవ్వొత్తి మంట మీద రెండు అరచేతులూ పెట్టి కళ్లకద్దుకున్నాడు. ఆఫీసర్ గారి కూతురికి ఆ కథ తెలుసు. ఆమె కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఇది దొంగది గాదు సార్," అన్నాడు హవల్దారు, చెవులు వినబడనివాళ్లు మాట్లాడినట్టు గట్టిగా.

నేను లైటర్ మూత వేశాను. చాలాసేపు వెలిగించడం వల్ల కాలుతోంది. జేబులో పెట్టుకోలేదు. చల్లారేదాకా చేతిలోనే పట్టుకున్నాను.